ఉద్యమాల్లో నూటికి ఎంతమంది? ముందు ఆ నూరుమంది ఎవరో చెప్పండి

“యువత ఉద్యమాలకు దూరమైంది” అని ఒక పోస్టరు, “ప్రజల్లో పెరిగిన చైతన్యం” అని ఇంకో పోస్టరు. రెండూ ఒకే నెలలో వాట్సాప్‌లో తిరుగుతాయి, రెండింట్లోనూ మధ్యలో పెద్ద పర్సంటేజీ, అడుగున కనీ కనపడని అక్షరాల్లో ఏదో సంస్థ పేరు. ఎవరికి నచ్చింది వాళ్లు ఫార్వర్డ్ చేస్తారు. నల్లగొండ, పాలమూరు గ్రూపుల్లో ఈ గొడవ ఇంకాస్త ఘాటుగా నడుస్తుంది, ఎందుకంటే ఇక్కడ ఒకరు “సాయుధ పోరాటం చేసిన గడ్డ ఇది” అని మొదలుపెడతారు, ఇంకొకరు “ఏదీ ఆ పౌరుషం ఇప్పుడు, సర్వే చూడు” అని అందుకుంటారు. ఇద్దరూ ఆ అంకె జనం గురించి చెబుతోందనే అనుకుంటున్నారు. చాలాసార్లు అది జనం గురించి కన్నా అడిగినవాళ్ల గురించి ఎక్కువ చెబుతుంది. ఏం అడిగారు, ఎన్నాళ్ల సంగతి అడిగారు, ఎవరి ముందు అడిగారు, ఆ టైముకు ఇంట్లో ఎవరున్నారు, వీటిలో ఏ ఒక్కటి మారినా అంకె మారిపోతుంది.

ఓటు సంగతి వేరు. 2022 నవంబరులో మునుగోడు ఉప ఎన్నికలో 93 శాతానికి పైగా పోలింగ్ జరిగిందంటే దాన్ని ఎవరూ కాదనలేరు. ఓటరు జాబితా ఉంది, వేలికి సిరా ఉంది, మెషీన్‌లో లెక్క ఉంది. (ఆ 93 వెనక ఏమేం నడిచాయన్నది వేరే కథ, అది మునుగోడులో ఎవర్నడిగినా చెప్తారు.) ధర్నాకు పోయినవాళ్ల వేలికి ఎవరూ సిరా పెట్టరు. కాబట్టి అడిగి తెలుసుకోవాల్సిందే, అడగడం మొదలుపెట్టగానే చిక్కులూ మొదలవుతాయి.

వరల్డ్ వాల్యూస్ సర్వే అని ఒక పెద్ద అంతర్జాతీయ సర్వే ఉంది. దశాబ్దాలుగా నడుస్తోంది, 1990 నుంచి మన దేశమూ అందులో ఉంది. వినతిపత్రం మీద సంతకం పెట్టడం, దేన్నైనా బహిష్కరించడం, శాంతియుత ప్రదర్శనలో పాల్గొనడం, ఇలా ఒక్కొక్కటీ చెప్పి మూడు జవాబుల్లో ఒకటి ఎంచుకోమంటారు. చేశాను, చేస్తే చేస్తానేమో, ఎన్నటికీ చేయను. ఇప్పుడు చూడండి. మొదటి జవాబు ఒక్కటే తీసుకుంటే “జనం నిద్రపోతున్నారు” అని హెడ్డింగు పెట్టవచ్చు. మొదటి రెండూ కలిపితే “సగం జనం పోరాటానికి సిద్ధం” అని పెట్టవచ్చు. ఒకటే పట్టిక, ఒకటే జనం, అబద్ధం ఎవరూ ఆడలేదు. సర్వే చేసినవాళ్లు మూడింటినీ విడివిడిగానే ఇస్తారు, కలిపేది మధ్యలో పోస్టరు తయారుచేసేవాళ్లు. అందుకే ఇలాంటి అంకె కనిపిస్తే నేను మొదట వెతికేది ఆ ‘చేస్తానేమో’ బ్యాచ్ ఎటు పోయిందన్నదే.

ఇంకో ఉదాహరణ, దీని మీద మన పేపర్లలోనూ బాగానే వార్తలొచ్చాయి. వరల్డ్ గివింగ్ ఇండెక్స్ అని ఒకటి 2024 దాకా వచ్చేది. పోయిన నెలలో మీరు ముక్కూమొహం తెలియనివాళ్లకు సాయం చేశారా, విరాళం ఇచ్చారా, ఏదైనా సంస్థ కోసం ఊరికే పనిచేశారా అని మూడు ప్రశ్నలు. 2018 నివేదికలో 144 దేశాల్లో మనది 124వ స్థానం. 2021 నివేదికలో 14వ స్థానం. మూడేళ్లలో ఒక దేశం గుణం ఇంతగా మారుతుందా? కొంత నిజంగానే మారి ఉండవచ్చు, 2020లో లాక్‌డౌన్‌లో హైవేల మీద నడిచిపోతున్న కూలీలకు రోడ్డు పక్క ఊళ్లవాళ్లు అన్నం, నీళ్లు ఇచ్చారు, అది అందరం చూశాం. కానీ ఈ ఇండెక్స్‌కు లెక్కలిచ్చిన గాలప్ సంస్థ కరోనా కాలంలో చాలా దేశాల్లో ఇంటికి వెళ్లి అడగడం ఆపేసి ఫోన్‌లో అడగడానికి మారింది. ఇంటికెళ్లి అడిగితే దొరికే మనిషి, ఫోన్‌లో దొరికే మనిషి ఒకరే కాదు. పైగా “పోయిన నెల” అనే గడువు చాలా చిన్నది, ఆ నెలలో పండగ పడిందా, వరద వచ్చిందా అన్నదాన్ని బట్టి జవాబు ఊగుతుంది.

గడువు సంగతి వచ్చింది కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుదాం, ఎందుకంటే తెలంగాణలో అన్నిటికన్నా ఎక్కువ బోల్తా కొట్టించేది ఇదే.

“మీరు ఎప్పుడైనా ఏదైనా ఆందోళనలో పాల్గొన్నారా?” అని అడిగారనుకుందాం. ఎప్పుడైనా అంటే పుట్టినప్పటి నుంచి. 2011 సెప్టెంబరు 13న సకల జనుల సమ్మె మొదలై 42 రోజులు నడిచింది. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి, ఆఫీసుల్లో ఫైలు కదల్లేదు, సింగరేణిలో బొగ్గు ఆగింది. ఆ రోజుల్లో నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటా వార్పు చేశారు, రైలు పట్టాల మీద కూర్చున్నారు, బతుకమ్మలు ఎత్తుకుని రోడ్డెక్కారు. ఏ జేఏసీలో లేనివాళ్లు కూడా ఒక్కరోజైనా ఆ వంటా వార్పు దగ్గర పప్పన్నం తిని ఉంటారు. కాబట్టి అప్పటికి ఇరవై ఏళ్లు దాటిన మనిషిని ఇవాళ “ఎప్పుడైనా” అని అడిగితే “ఎందుకు పోలేదు, తెలంగాణ ఉద్యమంలో తిరిగినం కదా” అనే జవాబు రావడానికే ఎక్కువ అవకాశం. 2006లో పుట్టిన పిల్లవాడికి అప్పటికి ఐదేళ్లు. వాడిని అదే ప్రశ్న అడిగితే లేదనే అంటాడు. పట్టిక వేస్తే ఏం కనిపిస్తుంది? పెద్దవాళ్లలో చైతన్యం ఎక్కువ, కుర్రాళ్లలో తక్కువ. దాని మీద టీవీలో గంటసేపు చర్చ, ఇన్‌స్టాగ్రామ్ వల్లే చెడిపోతున్నారని తీర్పు. కుర్రాడి తప్పల్లా లేటుగా పుట్టడం.

సరే, “పోయిన ఏడాదిలో” అని అడిగితే ఈ గొడవ తప్పుతుందా? తప్పుతుంది, ఇంకోటి వస్తుంది. మన జిల్లాల్లో ఆందోళనలకు సీజన్లుంటాయి. యాసంగి కోతలయ్యాక ప్రభుత్వం వడ్లు కొనే ఐకేపీ సెంటర్లో కుప్ప పోసి పది పదిహేను రోజులైనా కాంటా కాకపోతే, లారీలు రాకపోతే, మధ్యలో ఒక వాన పడి కుప్పలు తడిస్తే, అప్పుడు రైతులు రోడ్డెక్కుతారు. మిర్యాలగూడ వైపు చూసినా, నాగర్‌కర్నూల్ వైపు చూసినా ఏప్రిల్, మే నెలల్లో జిల్లా పేజీల్లో వడ్ల కుప్పల ఫొటోలు, రాస్తారోకో ఫొటోలు తరచుగా కనిపిస్తాయి. జూన్‌లో సర్వే చేస్తే అది గుర్తుంటుంది. ఫిబ్రవరిలో చేస్తే గంటసేపు రోడ్డు మీద కూర్చున్న సంగతి సగం మందికి గుర్తే ఉండదు. గుర్తున్నవాళ్లు కూడా “అది ఆందోళన ఏంది సార్, మా వడ్ల కోసం కూసున్నం” అంటారు. ప్రశ్నలో “రాస్తారోకో, ధర్నా, కలెక్టరేట్ ముట్టడి, ప్రజావాణిలో దరఖాస్తు” అని ఒక్కొక్కటీ పేరుపెట్టి అడిగితే ఒక అంకె వస్తుంది, “సామాజిక ఉద్యమాల్లో భాగస్వామ్యం” అని పుస్తకం భాషలో ఒక్క ముక్కలో అడిగితే దాంట్లో మూడో వంతు కూడా రాకపోవచ్చు.

గడువు ఇంకా కుదిస్తే ఏమవుతుందో ప్రభుత్వ లెక్కల్లోనే ఉంది. 2019లో కేంద్ర గణాంక శాఖ దేశమంతా 1.38 లక్షల కుటుంబాలతో టైమ్ యూజ్ సర్వే చేసింది, ముందురోజు తెల్లవారుజామున 4 నుంచి ఇవాళ 4 దాకా ఏమేం చేశారని అరగంటకు అరగంట రాసుకున్నారు. స్వచ్ఛంద సేవ, జీతం లేని ట్రైనింగ్ లాంటివన్నీ కలిపి ఆ రోజు చేసినవాళ్లు 2.4 శాతం. మంచి సర్వే, దాని పని వేరు. కానీ నెలకోసారి ఊళ్లో మీటింగు పెట్టుకునే మహిళా సంఘం సభ్యురాలు ముప్పై రోజుల్లో ఇరవై తొమ్మిది రోజులు ఆ లెక్కలో సున్నా. ఈ 2.4 పట్టుకుని “భారతీయుల్లో సేవాభావం 2.4 శాతమే” అని రాస్తే అది గణాంక శాఖ తప్పు కాదు.

ఇప్పుడు కాస్త లెక్కల్లోకి వెళ్దాం, భయపడొద్దు, కూడికలే.

ఒక ఊళ్లో వెయ్యి మందిని అడిగారు. నిజంగా ఆందోళనల్లో తిరిగినవాళ్లు అందులో 20 మంది, అంటే 2 శాతం. మిగతా 980 మందిలో నూటికి ముగ్గురు మాత్రం తప్పు జవాబిచ్చారు. ఒకరు సరిగా వినలేదు, ఒకరు మొహమాటానికి అవునన్నారు, ఒకరు మూడేళ్ల కిందటి సంగతిని పోయినేడాది అనుకున్నారు, ఒకచోట ఎన్యూమరేటర్ వేలు ట్యాబ్‌లో పక్క బటన్ మీద పడింది. నూటికి ముగ్గురంటే 29 మంది. మొత్తం ‘అవును’లు 49. సర్వే రిపోర్టులో 5 శాతం. అసలు సంఖ్యకు రెండున్నర రెట్లు, ఆ 49 మందిలో 29 మంది గడప దాటనివాళ్లు. అటువైపు పొరపాటు కూడా జరగవచ్చు, పోయినవాళ్లు పోలేదని చెప్పవచ్చు, కానీ అటు ఉన్నదే 20 మంది కాబట్టి ఆ తప్పు ఎంత పెరిగినా ఇరవైకి మించదు, ఇటువైపు 980 మంది ఉన్నారు. అరుదైన పని ఏదైనా సర్వేలో ఎక్కువగా కనిపించడానికి మొగ్గు ఉండేది అందుకే. ఇక ఈ 49 మందినే మళ్లీ తీసుకుని “ఉద్యమకారుల చదువు, ఆదాయం, ఆలోచనలు” అని అధ్యాయాలు రాస్తే అందులో సగానికి పైగా ఎవరి గురించి రాసినట్టు?

దీనికి పూర్తి విరుద్ధంగా నడిచిన సంగతి కూడా మన దగ్గరే ఉంది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండలో 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి ఎముకలు వంకర్లు పోతున్నా పట్టించుకునేవాళ్లు లేరని, దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలో జలసాధన సమితి వందల మందితో నామినేషన్లు వేయించింది. బ్యాలెట్ పేపరు కాస్తా పుస్తకం అయింది, గుర్తులు సరిపెట్టడానికే ఎన్నికల సంఘం తల పట్టుకుంది, దేశమంతా నల్లగొండ ఫ్లోరైడ్ గురించి మాట్లాడింది. గెలిచింది సీపీఐ అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షం. అదే ఏడాది కర్ణాటకలోని బెల్గాంలో 456 మంది, తమిళనాడులోని మొడకురిచ్చి అసెంబ్లీ స్థానంలో 1,033 మంది ఇలాగే నిరసనగా నిలబడ్డారు. దాంతో ఆ ఏడాదే చట్టం సవరించి లోక్‌సభ డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు, గుర్తింపు పొందిన పార్టీ లేనివాళ్లకు పదిమంది ప్రతిపాదకులు కావాలన్నారు.

480 మంది అంటే ఎంత శాతం? నియోజకవర్గంలో పది లక్షల ఓటర్లనుకున్నా 0.05 శాతం కూడా కాదు. ఆ ఏడాది నల్లగొండలో వెయ్యి మందిని ఏరి సర్వే చేసి ఉంటే వాళ్లలో ఒక్క అభ్యర్థి తగలడం కూడా అనుమానమే. రిపోర్టులో రాసేది సున్నా. దేశ ఎన్నికల చట్టాన్ని మార్పించిన పని సర్వే లెక్కలో అసలు జరగనే లేదన్నమాట. పైగా ఏ మర్రిగూడ వైపు ఊళ్లోనో నడుం వంగిపోయి మంచం దిగలేని మనిషిని “మీరు ధర్నాలో పాల్గొన్నారా” అని అడిగితే లేదనే చెప్తాడు. అతని పేరు మీద, అతని ఎముకల ఎక్స్‌రే మీద ఒక ఉద్యమం మొత్తం నడిచింది, పట్టికలో మాత్రం అతను ‘పాల్గొననివారు’ గడిలో ఉంటాడు.

ఇక ఇంట్లో ఎవరున్నారన్న ప్రశ్న. పాలమూరు సంగతి అందరికీ తెలిసిందే, ముంబై, పుణె, బెంగళూరు, హైదరాబాద్ అని జనం కూలికి పోవడం తరాల నుంచి ఉంది. నారాయణపేట వైపు, కొల్లాపూర్ వైపు కొన్ని తండాలకు ఎండాకాలం పోయి చూడండి, తాళం వేసిన ఇళ్లు, ముసలివాళ్లు, బడి పిల్లలు. అలాంటి ఊళ్లో సర్వే అంటే పొద్దున పదకొండింటికి ట్యాబ్ పట్టుకుని ఒక డిగ్రీ పిల్లవాడు వస్తాడు. జాబితాలో ఉన్న ఇంటికి తాళం ఉంటే పక్కింటికి పోతాడు. అరుగు మీద ఒక అవ్వ ఉంటుంది. చుట్టూ నలుగురు పోగవుతారు. “అవ్వా, నువ్వు ఎప్పుడైనా ధర్నాకు పోయినవా?” అని అడిగితే అవ్వ నోరు తెరవకముందే పక్కనున్న మనిషి “అవ్వ ఏడికి పోతది సార్, లేదని రాసుకో” అంటాడు. అవ్వ నవ్వుతుంది. ఆ డిగ్రీ పిల్లవాడు ట్యాబ్‌లో ‘లేదు’ నొక్కుతాడు. ఒకవేళ నలభై ఏళ్ల కింద అదే అవ్వ కూలిరేట్ల కోసం దొర ఇంటి ముందు కూర్చుందో ఏమో, ఎవరు విన్నారు.

2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే జరిగిన రోజు గుర్తుందా? రాష్ట్రమంతా ఒకే రోజు. పేరు లేకపోతే రేషన్ పోతుందేమో, పింఛను పోతుందేమో అన్న భయంతో ఎక్కడెక్కడి నుంచో బస్సులు, రైళ్లు కిక్కిరిసి ఊళ్లకు వచ్చారు. సర్వేకు ఎవరు దొరుకుతారన్నది సర్వే వల్ల ఏం వస్తుంది, ఏం పోతుంది అన్నదాని మీద ఉంటుందని ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. ఉద్యమాల మీద సర్వే వస్తుందంటే ముంబై నుంచి ఎవరూ టికెట్ కొనుక్కుని రారు. పైగా ఇంటి ముందుకొచ్చి పేరు, ఫోన్ నంబరు రాసుకుని “మీరు ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఆందోళన చేశారా” అని అడిగే మనిషి ఎన్జీవో వాడా, పార్టీ వాడా, స్పెషల్ బ్రాంచి వాడా అన్నది ఊరివాళ్లకు ఎలా తెలుస్తుంది? ఇల్లు లిస్టులో పేరుందా లేదా అన్న టెన్షన్‌లో ఉన్న మనిషి ఎందుకొచ్చిన తంటా అని లేదనేస్తుంది. అదే ప్రశ్నను ఉద్యమ సంఘం వాళ్లే అడిగితే మొహమాటానికి అవునంటుంది. ఫోన్ సర్వే అయితే ఇంకో తిరకాసు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో తాను సొంతంగా వాడుకునే మొబైల్ ఉందని చెప్పిన ఆడవాళ్లు 54 శాతమే. మిగతావాళ్ల తరఫున ఫోన్ ఎత్తేది మొగుడో కొడుకో.

2019లో నల్లమల యురేనియం గొడవలో ఈ తేడా బాగా కనిపించింది. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణకు కేంద్ర కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుందని తెలిశాక ఆన్‌లైన్‌లో హ్యాష్‌ట్యాగులు, సంతకాలు, సినిమావాళ్ల ట్వీట్లు హోరెత్తాయి. సెప్టెంబరు 16న అసెంబ్లీ వ్యతిరేక తీర్మానం చేసింది. ఆన్‌లైన్ సంతకాలు లెక్కపెట్టడం సులువు, ఒక పేజీ తెరిస్తే కనిపిస్తాయి. అటవీ సిబ్బందినీ డ్రిల్లింగ్ బండ్లనూ ఊళ్లోకి రానివ్వొద్దని పొలిమేరలో కాపలా కాసినవాళ్లు, సిగ్నలే సరిగా అందని పెంటల్లో, అంటే అడవిలోని చిన్న గూడేల్లో ఉండే చెంచులు ఆ లెక్కలో ఎక్కడుంటారు? హైదరాబాద్‌లో సోఫాలో కూర్చుని బటన్ నొక్కిన సంతకమూ ఒకటే, అడవిలో రాత్రి మేలుకున్న మనిషీ ఒకటే, రెండూ ‘ఒకరు’. నాకు సంతకాల మీద చులకన లేదు, అవీ పనికొచ్చాయి. రెండింటినీ ఒకే గడిలో కలిపేయడం మీదే నా అభ్యంతరం.

సర్వే వద్దు, సభకు వచ్చిన జనాన్ని లెక్కపెడదాం అనేవాళ్లున్నారు. నిర్వాహకులు లక్ష అంటారు, పోలీసులు పదిహేను వేలంటారు, పేపరు వాడు “భారీగా తరలివచ్చిన జనం” అని తప్పించుకుంటాడు. దీనికి ఒక మంచి చిట్కా ఉంది. 1960ల్లో అమెరికాలో బర్క్‌లీలో జర్నలిజం పాఠాలు చెప్పే హెర్బర్ట్ జేకబ్స్ తన ఆఫీసు కిటికీలోంచి విద్యార్థుల నిరసనలు చూస్తూ కట్టిన లెక్క ఇది. జనం వదులుగా ఉంటే మనిషికి 10 చదరపు అడుగులు, ఒత్తుగా ఉంటే నాలుగున్నర. మన భాషలో చెప్పుకుంటే ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు, కాబట్టి ఎకరంలో వదులుగా అయితే నాలుగు వేల పైచిలుకు, ఒత్తుగా అయితే తొమ్మిది వేల ఏడు వందల దాకా. వేదిక, బారికేడ్లు, వీఐపీ కుర్చీలు తీసేయండి. ఐదెకరాల గ్రౌండులో లక్ష మంది అని ఎవరైనా అంటే ఇక మీరే లెక్క కట్టుకోవచ్చు, పొలం కొలిచిన చేతులే కదా.

ఈ చిట్కాకూ హద్దుంది. 2011 మార్చి 10న ట్యాంక్‌బండ్ మీద మిలియన్ మార్చ్ జరిగింది. పేరులోనే పది లక్షలుంది. పది లక్షల మంది ఒత్తుకుని నిలబడాలన్నా వంద ఎకరాలకు పైగా కావాలి, ట్యాంక్‌బండ్ రోడ్డు అంత ఉండదు. కాబట్టి అది అబద్ధం అందామా? ఆ రోజు కోసం జిల్లాల్లో ముందస్తు అరెస్టులు జరిగాయి, బండ్లు ఆపారు, దారుల్లో చెక్‌పోస్టులు పెట్టారు. బయల్దేరి మధ్యలో ఆగిపోయినవాళ్లు, పోలీస్ స్టేషన్లో రోజంతా కూర్చున్నవాళ్లు పాల్గొన్నట్టా కాదా? ట్యాంక్‌బండ్ కొలిస్తే వాళ్లు దొరకరు. మరోవైపు పార్టీల సభలకు ఊరికి రెండు బండ్లు పెట్టి, మనిషికి ఇంత అని చేతిలో పెట్టి, బిర్యానీ ప్యాకెట్టు ఇచ్చి తోలుకపోయే జనం గ్రౌండులో నిక్షేపంగా దొరుకుతారు.

పాత లెక్కలకూ ఇదే వర్తిస్తుంది. తెలంగాణ సాయుధ పోరాటంలో మూడు వేల గ్రామాలు, పది లక్షల ఎకరాల పంపకం, నాలుగు వేల మంది అమరులు అనేవి కమ్యూనిస్టు పార్టీ చెప్పిన అంకెలు. తప్పని నేననడం లేదు, ఎవరు చెప్పారన్నది పక్కన రాసుకోవాలంటున్నాను. ఎందుకంటే అటు ప్రభుత్వం కూడా తన లెక్క తాను రాసుకుంది.

ఈ మధ్య కార్యకర్తల నోట ఎక్కువగా వినిపించే అంకె 3.5 శాతం. జనాభాలో అంతమంది రోడ్డెక్కితే ఏ ప్రభుత్వమైనా దిగి రావాల్సిందే అని. ఇది ఎరికా చెనోవెత్ అనే అమెరికన్ పరిశోధకురాలి పనిలోంచి వచ్చింది. ఆమె, మరియా స్టెఫాన్ కలిసి 1900 నుంచి 2006 దాకా జరిగిన 323 ఉద్యమాలను పోల్చి చూశారు, హింస లేని ఉద్యమాలు 53 శాతం, సాయుధ ఉద్యమాలు 26 శాతం గెలిచాయన్నారు. ఆ వివరాలనే తిరగేస్తే, ఉద్యమం పతాక స్థాయిలో ఉన్నప్పుడు జనాభాలో 3.5 శాతం పాల్గొన్నవేవీ ఓడలేదని కనిపించింది. మన దగ్గరికి తెస్తే 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణకు 12 లక్షల పైచిలుకు, పాత నల్లగొండ జిల్లాకు 1.22 లక్షలు. వినడానికి చాలా దగ్గరగా ఉంటుంది. కానీ ఆ ఉద్యమాలు ఎక్కువగా పాలకులను దించేయడానికో, దేశం విడిపోవడానికో జరిగినవి. మూసీ కంపు మీద, పాలమూరు ఎత్తిపోతల కింద భూమి పోయిన పరిహారం మీద జరిగేవి కావు. అంత స్థాయికి చేరిన ఉద్యమాలే వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. తర్వాత 2020లో ఆమే బహ్రెయిన్ లాంటి మినహాయింపులు చూపించి, ఇది జరిగినదాని వర్ణనే తప్ప గెలుపుకు గ్యారంటీ కాదని జాగ్రత్తలు రాశారు. ఆ జాగ్రత్తలకు పోస్టరు ఎవరూ వేయలేదు. పైగా 3.5 శాతం వచ్చినందుకు గెలిచారా, ఎలాగూ గెలిచేటట్టుందని తెలిసి జనం 3.5 శాతం దాకా వచ్చారా అన్నది ఆ పట్టిక చూసి తేల్చలేం.

జిల్లా పేరు పెట్టి వచ్చే పర్సంటేజీల గురించి కూడా ఒక మాట. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టుకుంటే తెలుస్తుందంటారు, శాంపిల్ అంటే అదే, నిజమే. రాష్ట్రంలో రెండు వేల మందిని సరిగ్గా ఏరితే రాష్ట్రం మొత్తానికి అటూ ఇటూ రెండు మూడు శాతం తేడాతో చెప్పొచ్చు. కానీ అందులో పాత నల్లగొండ వాటా పదో వంతు, అంటే రెండు వందల మంది. వాళ్లలో పాతికేళ్ల లోపువాళ్లు ఓ నలభై మంది. ఆ నలభైలో ఇద్దరు అటో ఇటో అయితే 5 శాతం మారిపోతుంది. ఆ రెండు వందలూ జిల్లా అంతటా చల్లినట్టు ఉండరు, ఖర్చు కలిసొస్తుందని ఎనిమిదో పదో ఊళ్లలో తలా ఇరవై మందిని అడుగుతారు. ఆ ఊళ్లలో ఒకటి భూసేకరణ గొడవ నడుస్తున్న ఊరైతే “నల్లగొండ రగులుతోంది”, కాకపోతే “నల్లగొండ చల్లబడింది”.

ఇన్ని చెప్పాక సర్వేలన్నీ దండగ అంటారేమో. అననక్కర్లేదు. ప్రశ్న యథాతథంగా ప్రచురించి, ఏ నెలలో అడిగారో, ఎన్ని ఇళ్లకు తాళాలున్నాయో, ఎంతమంది చెప్పనన్నారో రాసిన సర్వే అయితే దాని ముందు కూర్చుని చదువుతాను. అదే ప్రశ్నను అదే పద్ధతిలో ఐదేళ్లకోసారి అడిగి ఉంటే ఇంకా మంచిది, అసలు అంకె తప్పైనా పెరిగిందా తగ్గిందా అన్నది కొంత తెలుస్తుంది. ఇవేవీ లేకుండా ఉట్టి పర్సంటేజీ వస్తే ఫార్వర్డ్ చేయను, అంతే.

ఒక్క విషయం మాత్రం నేను చూసిన ఏ సర్వేలోనూ కనపడలేదు. జనం పాల్గొన్నారా అని అడుగుతారు, పాల్గొననిచ్చారా అని అడగరు. మన జిల్లాల్లో “నెల రోజుల పాటు 30 పోలీసు యాక్టు అమలు, అనుమతి లేకుండా ర్యాలీలు, ధర్నాలు, సభలు నిషేధం” అన్న ప్రకటన జిల్లా పేజీలో ఓ మూలన తరచుగా వస్తుంది, గడువు అయిపోగానే మళ్లీ వస్తుంది. ముందు రోజు రాత్రే నాయకులను ఇంటి నుంచి తీసుకుపోతే మర్నాడు ధర్నా చౌక్‌లో పదిమందే ఉంటారు, ఆ పదిమంది నుంచే శాతం పుడుతుంది. బ్యూరో ఆఫ్ పోలీస్ రీసెర్చ్ అండ్ డెవలప్‌మెంట్ చాలా ఏళ్లు రాష్ట్రాలవారీగా ఆందోళనల సంఖ్య ప్రచురించింది, అందులో కొన్నేళ్లు ఉత్తరాఖండ్ లాంటి చిన్న రాష్ట్రం పెద్ద రాష్ట్రాలను దాటి పైన కనిపించేది, ఎందుకంటే అది పోలీసులు రాసుకున్నదాని లెక్క, ఎక్కువ రాసినవాళ్ల దగ్గర ఎక్కువ. అందులోనూ జరిగినవే ఉంటాయి, జరగనివ్వనివి ఉండవు.

ఆ లెక్క తెప్పించడం పెద్ద కష్టం కాదు. పది రూపాయల ఫీజుతో జిల్లా పోలీసు కార్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. గత మూడేళ్లలో సభలు, ర్యాలీలు, ధర్నాల అనుమతి కోసం నెలవారీగా ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎన్నిటికి ఇచ్చారు, ఎన్నిటికి నిరాకరించారు, 30 యాక్టు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అమల్లో ఉంది, ఈ నాలుగే అడగండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేటల నుంచి తలా ఒకరు పెడితే ఒక పట్టిక అవుతుంది. యాదాద్రి 2025 చివరి దాకా రాచకొండ కమిషనరేట్ కింద ఉండేది, కాబట్టి అక్కడివాళ్లు దరఖాస్తు ఎక్కడ పెట్టాలో ముందు కనుక్కోండి.